ఎడమకి వాలిన ముద్ర

ఆ ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళం నలుగురం: అంకుల్, ఆంటీ, వాళ్ళమ్మాయి, నేను. వాళ్ళమ్మాయిని నేను అక్కా అని పిలుస్తాను. క్యారీ అనే ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్లలో నాది పై అంతస్తు, అక్క వాళ్ళది సరిగ్గా నా కింద. అంకుల్, ఆంటీ ఆరు నెలల వీసా మీద రాజమండ్రి నుంచి కూతురి దగ్గరికి వచ్చారు.

టేబుల్ మీద ఉన్నవి: నా లాప్‌టాప్, పొడవాటి తెల్ల కవరు, నల్లటి డ్రాయింగ్ కాగితం, కత్తెర, స్టాంపులు, ఇరవై డాలర్ల నోట్లు రెండు, ఒక డాలరు నోట్లు రెండు, అప్పుడే పైకి వెళ్ళి నేను ప్రింట్ చేసి తెచ్చిన అడ్రసు లేబుల్, అంకుల్ జేబులోంచి తీసిన నల్ల ఇంకు పెన్ను, ఆంటీ వేయించి పెట్టిన పల్లీలు. లాప్‌టాప్ తెర మీద ఒక పాత కవరు ఫొటో ఉంది. తునిలో ఎవరో ఎనభైల్లో ఒహాయోలోని మరెవరికో రాసిన ఉత్తరం తాలూకు ఖాళీ కవరు. దాన్ని మేం అరగంట కిందటే ఆన్‌లైన్ వేలంలో గెలిచాం.

ఆ వేలం సైటు పెద్దదేమీ కాదు. పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు నడుపుకునేది. నేను అందులో స్లైడ్ రూళ్ళు కొంటాను. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు లెక్కలకి వాడిన స్కేళ్ళు అవి. అక్కడ అమ్మేవాళ్ళలో చాలామంది బాగా పెద్దవాళ్ళు. కార్డులు తీసుకోరు, ఫోన్లో డబ్బు పంపిస్తామంటే వద్దంటారు. చెక్కు పంపు, లేకపోతే కవర్లో నోట్లు పెట్టి పోస్టు చెయ్యి అంటారు. నా దగ్గర చెక్కుబుక్కు లేదు. అందుకని నోట్లు పంపడానికి నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. నోట్ల నంబర్లు ఫొటో తీసుకోవాలి. వెలుగుకి పెట్టి చూసినా లోపలివి కనపడకుండా నల్ల కాగితంలో చుట్టాలి. లోపల జారకుండా ఒక మూల టేపు వెయ్యాలి. చిల్లర నాణేలు పెట్టకూడదు, కవరు ఉబ్బెత్తుగా ఉండకూడదు, ఎక్కువ టేపు వేసి అనుమానం పుట్టించకూడదు. చూస్తే కరెంటు బిల్లు కట్టే కవరులా ఉండాలి. అడ్రసు మాత్రం ఎప్పుడూ లేబులే. నా చేతిరాత నాకే అర్థం కాదు.

అంకుల్‌ది తపాలా శాఖలో ఉద్యోగం. పోస్టాఫీసులో కాదు, రైల్లో. మెయిలు రైలుకి తగిలించిన ఒక బోగీలో నిలబడి, రైలు పోతూ ఉండగానే ఉత్తరాలు ఊళ్ళ వారీగా గూళ్ళలోకి విసరడం. విజయవాడ నుంచి వాల్తేరు వెళ్ళే దారిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేశారు. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే నా పార్సిళ్ళ మీది పోస్టు ముద్రలు చూడటానికి పైకి వచ్చారు. చూసి నిరాశపడ్డారు.

"ఇది ముద్దరేంటండీ. ఇంకు చల్లారు అంతే. ఊరు పేరేది, తేదీ ఏది?" అన్నారు.

అలా మాటల్లో ఆ సైటులో పాత కవర్లు కూడా అమ్ముతారని నేనే చూపించాను. ఆయనకి ఒక వేలితో టైపు చెయ్యడం వచ్చు. రోజూ సాయంత్రం నడక అయ్యాక పైకి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, ఇండియా కవర్లు ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూసేవారు. ఏ కవరు ఏ దారిన వెళ్ళిందో, ఎక్కడ అనవసరంగా ఆలస్యమైందో చెప్పేవారు. నేను నా పని చేసుకుంటూ ఊకొట్టేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆయన ఏమీ మాట్లాడకపోవడంతో తిరిగి చూశాను. కళ్ళజోడు తీసి తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చున్నారు.

"ఇది మాది బాబూ," అన్నారు.

"ఏది అంకుల్?"

"ఈ ముద్దర. మా సెక్షనుది. మా జట్టు సెట్ నంబరు. ఇటు చూడండి, బయటి గీత ఇక్కడ తెగిపోయి ఉందా? తుని ప్లాట్‌ఫారం మీద కింద పడి విరిగిందది. కొత్తది ఇమ్మని మూడుసార్లు రాశాం, ఇవ్వలేదు."

ఆ కవరు మీద మామూలు స్టాంపులు కాక ఒక అదనపు స్టాంపు ఉంది. లేట్ ఫీ అంటారట దాన్ని. పోస్టు డబ్బాలోని ఉత్తరాలు తీసుకెళ్ళిపోయాక ఉత్తరం వెయ్యాల్సి వస్తే, ఆ అదనపు స్టాంపు అంటించి, ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి, రైలు బోగీకే ఉన్న సందులో వెయ్యవచ్చు. అలా పడ్డ ఉత్తరాలకి బోగీలో ఉన్నవాళ్ళే ముద్ర కొట్టాలి.

"మీ సెట్‌లో ఎంతమంది అంకుల్?" అని అడిగాను.

"నలుగురం."

"అంటే మీరు కొట్టి ఉండేందుకు ఇరవై ఐదు శాతం ఛాన్సు."

ఆయన నా వైపు చూసి, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, నా బల్ల మీద టక్కున ఒకసారి దించారు. "కుడిచేతి వాటం వాడు కొడితే ముద్దర కుడికి తిరుగుతుంది. ఇది ఎడమకి వాలింది. సెట్‌లో ఎడంచేతి వాటం నేనొక్కణ్ణే. సూపర్‌వైజరు రోజూ తిట్టేవాడు, సరిగ్గా నిటారుగా కొట్టవయ్యా అని. అతని తిట్లు ఇప్పుడు పనికొచ్చాయి."

నేను ఇంక శాతాలు చెప్పలేదు.

ఆ కవరు ఆయనకి ఎందుకంత కావాలో ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే చెప్పారు. ఆ సెక్షను ఎత్తేశారు. బోగీని మార్చేశారు. ముద్రలు, సీళ్ళు, తాళాలు అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. "చేసిన పనంతా ఊరి మీద పంచేసే ఉద్యోగం బాబూ మాది," అన్నారు. "కుమ్మరి ఇంట్లో కుండన్నా మిగులుతుంది. నేను కొట్టిన ముద్దర నా ఇంట్లో ఒక్కటి లేదు. మాకు వచ్చే ఉత్తరాలకి వేరేవాడెవడో కొట్టేవాడు."

ఆంటీ ఆ మాటలకి కరగలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళు కొట్టిన ముద్దర్లకి గవర్నమెంటు జీతం ఇచ్చింది. ఇప్పుడు అందులో ఒకటి వెనక్కి కొనుక్కోడానికి ఈయన ఎదురు డబ్బులిస్తున్నారు. విన్నావా బాబూ?"

"నీకు తెలీదు, ఊరుకో."

"అవును, నాకేం తెలుసు. పిల్లలు పుట్టినప్పుడు మీరు అన్నవరంలో ఉన్నారో అనకాపల్లిలో ఉన్నారో అది కూడా తెలీదు నాకు."

అక్క నవ్వి, "అమ్మా, లెట్ హిమ్ హావ్ ఇట్. నాన్న ఇక్కడికొచ్చాక అడిగింది ఇదొక్కటే," అంది.

అందుకని ఆ ఆదివారం వేలం ముగిసే వేళకి అందరం టేబుల్ దగ్గర చేరాం. మాతో పోటీకి ఒక్కడే వచ్చాడు. వాడు ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. నలభైకి మాదైంది. పోస్టేజీ రెండు డాలర్లు. అంకుల్ చప్పట్లు కొట్టలేదు గాని, పల్లీల గిన్నె నా వైపు జరిపారు.

అమ్మే ఆయన వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఊరివాడు. మెయిల్సు అన్నీ పెద్దక్షరాల్లోనే రాస్తాడు. తనకి ఎనభై దాటిందనీ, రిజిస్టర్డ్ పోస్టు పంపితే సంతకం పెట్టడానికి గుమ్మం దాకా రాలేననీ, చెక్కు గానీ మనీ ఆర్డరు గానీ నోట్లు గానీ మామూలు కవర్లో పంపమనీ రాశాడు. వేలం ముగిసిన పది రోజుల్లో చేరాలి. చేరకపోతే వస్తువు రెండో బిడ్డరుకి, అంటే ముప్పై ఎనిమిది దగ్గర ఆగినవాడికి, వెళ్తుంది. ఈ నియమం అందరికీ ఒకటే అని కింద ఇంకో లైనులో మళ్ళీ రాశాడు.

నోట్లు బల్ల మీద పెట్టగానే అంకుల్ చెయ్యి అడ్డం పెట్టారు.

"నోట్లు మామూలు కవర్లోనా? మా దగ్గర ఒప్పుకోరండి. ఇన్షూర్ చెయ్యాలి, లక్క సీలు వెయ్యాలి."

"ఏం కాదంకుల్. ఏడుసార్లు పంపిన. ఏడుసార్లూ ముట్టినయ్."

"మనీ ఆర్డరు కట్టెయ్యండి. ధీమాగా ఉంటుంది."

"రేపు హాలిడే, పోస్టాఫీసు బంద్. ఎల్లుండి నాకు పొద్దంతా మీటింగులు. ఊకె రెండు రోజులు పోతయ్ అంకుల్. ఇప్పుడే డబ్బాల వేస్తే ఎల్లుండి పొద్దుగాల తీస్కపోతరు."

ఆయన గిన్నెలోంచి రెండు పల్లీలు తీసుకున్నారు. తర్వాత చాలా మామూలుగా, పల్లీ పొట్టు ఊదుతూ అడిగారు: "కారులో వెళ్తే ఎంతసేపండీ ఆ ఊరు?"

"నాలుగు గంటలు. రానుపోను పెట్రోలుకే ఈ కవరు ధర అయితది."

"అయితే వద్దులెండి," అన్నారు.

నా జవాబులో తప్పు లేదు. మైళ్ళు, గ్యాలన్లు, ధర, అన్నీ సరిపోతాయి. ఆయన అడిగింది లెక్క కాదని నాకు తట్టలేదు. ఆ తర్వాత వారం రోజులకి ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. అప్పుడూ తట్టలేదు.

నోట్లకి ఒప్పుకున్నాక ఆయన ఒక షరతు పెట్టారు. "అడ్రసు నేను రాస్తాను."

"లేబుల్ ఉంది నాన్నా, ప్రింట్ చేసి తెచ్చాడు తమ్ముడు," అంది అక్క.

"ఉండనీ. అడ్రసు చేత్తో రాసింది వేరు. ఎక్కడ చూపు ఆగాలో అక్కడ ఆగేట్టు రాయాలి. మాలాంటి వాడు ఒక సెకనులో గూడు ఎంచుకోవాలి కదా."

నేను లేబుల్ వెనక్కి తీసుకున్నాను. ఆయన కవరుని తన ముందుకి లాక్కుని, అంచు టేబుల్ అంచుకి సమానంగా సర్ది, ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టారు. మధ్యలో కొంచెం కుడికి, టు అని వేసి, అమ్మే ఆయన పేరు, వీధి, ఊరు. ఊరి పేరు కింద రెండు గీతలు. పిన్‌కోడ్ లాంటి ఇక్కడి జిప్ కోడ్ అంకెలు విడివిడిగా, ఒక్కొక్కటి ఒక గడిలో కూర్చున్నట్టు. ఆ తర్వాత కింద ఎడమ మూలన ఫ్రమ్ అని వేసి నా పేరు, నా అపార్ట్‌మెంట్ నంబరు, క్యారీ. సైటులో ఖాతా నాది కనుక నా అడ్రసే ఉండాలి.

అంత అందమైన కవరు నేను ఎప్పుడూ పోస్టు చెయ్యలేదు. చూస్తే అంతా సరిగ్గానే అనిపించింది. బడిలో పరీక్షకి ఉత్తరం రాసి చివర డబ్బా గీసి అడ్రసు వెయ్యమంటే నేనూ అలాగే వేసేవాణ్ణి. పంపేవాడి అడ్రసు కింద ఎడమ మూల. నా ప్రింటరు లేబుళ్ళ మూసలో మాత్రం అది పైన ఎడమ మూలకి వస్తుంది. ఎందుకలా వస్తుందని నేను ఏనాడూ ఆలోచించలేదు. మూసకి తెలిసింది నాకు తెలియదు.

నోట్లు నల్ల కాగితంలో చుడుతుంటే అంకుల్ జేబులోంచి ఇంకో డాలరు తీసి ఇచ్చారు.

"ఇదెందుకు అంకుల్? నలభై రెండు సరిపోయింది."

"ఎనభై ఏళ్ళాయన. టీ తాగుతాడు."

"ఆయనకి టీ ఖర్చు ఇస్తారు," అంది ఆంటీ. "నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్లాస్కులో పోసి స్టేషనుకి పంపిన టీకి మటుకు లెక్క లేదు."

"అది టీయా? వేణ్ణీళ్ళు."

"తాగింది మీరే కదా."

కవరు నేనే అంటించాను. అంకుల్ నాతో నడిచి వచ్చి, నీలం పోస్టు డబ్బాలో తన చేత్తో వేసి, మూత రెండోసారి తెరిచి కిందికి పడిందో లేదో చూశారు.

శుక్రవారానికి చేరుతుందని నా అంచనా. శనివారం అమ్మే ఆయనకి మెయిల్ పెట్టాను. రాలేదు అని ఒకే మాట బదులిచ్చాడు. అంకుల్ కంగారు పడలేదు. సెలవు తర్వాత టపా ఎప్పుడూ పేరుకుపోతుంది, సోమవారం ఖాయం అన్నారు. ఆయన రోజూ సాయంత్రం నడక ముగించి, మెట్ల దగ్గర ఉన్న టపా పెట్టెల నుంచి అక్క వాళ్ళది తాళం తీసి, వచ్చినవి విడదీసి, పరిమాణం వారీగా సర్ది పట్టుకొచ్చేవారు. మా అందరి పెట్టెలూ ఒకే ఇనుప బీరువాలో ఉంటాయి. అక్క వాళ్ళ గూడుకి రెండు గూళ్ళ అవతల నాది.

"మీరు మీ డబ్బా చూసుకోరా బాబూ?" అని ఒకసారి అడిగారు.

"అందులో చెత్తే ఉంటది అంకుల్. కూపన్లు, యాడ్లు. బిల్లులన్నీ ఆన్‌లైన్లనే కదా. పదిహేను రోజులకోసారి తీస్త."

ఆయన తల అడ్డంగా ఊపి నవ్వారు. పళ్ళు తోముకోనని చెప్పినవాణ్ణి చూసినట్టు చూశారు.

సోమవారం సాయంత్రం అమ్మే ఆయన తనంతట తానే రాశాడు. ఇవాళ కూడా రాలేదు, బుధవారం టపా దాకా చూస్తాను, తర్వాత రెండో బిడ్డరుకి ఇచ్చేస్తాను. నేను ఫోన్లో డబ్బు పంపే మార్గాలు నాలుగు రాశాను. కొడుకు గానీ పక్కింటివాళ్ళు గానీ ఉంటే వాళ్ళ ఖాతాకి పంపుతానన్నాను. వద్దన్నాడు. ఇంకో వారం గడువు అడిగాను. మొన్న ఒకరికి ఇవ్వలేదు కనుక నీకు ఇస్తే అన్యాయమవుతుంది అని రాశాడు. పెద్దక్షరాల్లో ఉన్నా ఆ మెయిల్లో కోపం లేదు.

అది అంకుల్‌కి చదివి వినిపించాను. ఆయన "రేపు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతామా?" అన్నారు.

"రేపు నాకు డెమో ఉంది అంకుల్. ఇంకా రెండు డెలివరీలు ఉన్నయ్ కదా, మంగళవారం, బుధవారం. ఇన్ని రోజులైనంక వాటిల్ల ఏదో ఒకదాంట్ల రాకపోవడమే కష్టం."

"నాన్నా, నేను తీసుకెళ్దామన్నా నాకు కూడా లీవ్ లేదు," అంది అక్క. "వస్తుందిలే."

"వస్తుంది, వస్తుంది," అన్నారు ఆయన. "సార్టింగులో ఒక కవరు వెనకపడితే రెండు రోజులు తేడా అంతే. పోవడం మాత్రం పోదు."

మంగళవారం డెమో బాగానే జరిగింది. అందులో ఏం చూపించామో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

బుధవారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. రాలేదు. రెండో బిడ్డరు ఒప్పుకున్నాడు. నోట్లు తర్వాత ఎప్పుడైనా చేరితే విప్పకుండా వాపసు పంపుతాను. చింతిస్తున్నాను.

కిందికి వెళ్ళి చెప్పాను. అంకుల్ అప్పుడు బీన్స్ తుంచుతున్నారు. విని, ఇంకో రెండు కాయలు తుంచి, "సరేలెండి," అన్నారు. తర్వాత, "ఎక్కడ ఆగిందో చూడాలి. ఏ ఆఫీసులో ఆగిందో తెలిస్తే బాగుండు," అన్నారు. అప్పటికింకా ఆయన బాధ కవరు పోయినందుకే. తన చెయ్యి మీద అనుమానం లేదు.

శనివారం నా పెట్టె తెరిచాను. కొత్త బ్యాంకు కార్డు రావాల్సి ఉంది కనుక తెరిచాను, లేకపోతే తెరిచేవాణ్ణి కాదు. లోపల ఉన్నవి పైనుంచి వరసగా: కార్డు కవరు, పిజ్జా కూపన్లు, ఈ వారం కిరాణా దుకాణం కరపత్రం, దంతవైద్యుడి ప్రకటన, పోయిన వారం కిరాణా దుకాణం కరపత్రం. దాని కింద పొడవాటి తెల్ల కవరు. ఊరి పేరు కింద రెండు గీతలు.

మెట్ల దగ్గరే నిలబడిపోయాను. మొదట అనుకున్నది, అడ్రసు దొరకక తిరిగొచ్చిందని. అంకుల్‌కి అదే చెప్పాను.

ఆయన కవరు అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ముందు వైపు చూశారు. వెనక్కి తిప్పారు. మళ్ళీ ముందుకి తిప్పి, కింది అంచున యంత్రం కొట్టిన సన్నటి నిలువు గీతల వరస మీద బొటనవేలు పెట్టి అలా నడిపించారు.

"ఇది తిరిగి రాలేదు బాబూ," అన్నారు.

"మరి?"

"తిరిగొస్తే తిరిగొచ్చిందని ముద్దరో చీటీయో ఉంటుంది. కారణం రాస్తారు. ఇందులో ఏమీ లేదు. ఇది డెలివరీ అయింది." వేలు ఎడమ మూలకి తెచ్చారు. "ఇక్కడికి."

నాకప్పుడు అర్థమైంది. ఫోన్ తీసి వెతికాను. ఇక్కడ ఉత్తరాలు యంత్రాలు చదువుతాయి. కవరు మీద రెండు అడ్రసులుంటే, అన్నిటికంటే కింద ఉన్నదాన్నే చేరవలసిన అడ్రసుగా తీసుకునే వీలుంది. అందుకే పంపేవాడిది పైన ఎడమ మూల రాయాలి. ఇదంతా ఆయనకి చెప్పాను. అక్కడితో ఆగలేదు. కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో ఒక కవరు గీసి, కెమెరా ఎక్కడి నుంచి చూస్తుందో, కింది నుంచి పైకి ఎలా వెతుకుతుందో వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. సందేహం ఒకటే అడిగారు.

"టు అని రాశాను కదండీ. అది చదవదా?"

"చదవదు అంకుల్. అడ్రసు ఎక్కడుందో చూస్తది అంతే."

"మనిషైతే చదువుతాడు."

"మనిషి దాకా పోలేదు అంకుల్ ఇది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ బొమ్మ కూడా గీయకుండా ఉండాల్సింది. మూలన తన వేలు పెట్టినప్పుడే ఆయనకి అంతా తెలిసిపోయింది. నా వివరణ ఎవరికి అవసరమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు.

కరపత్రాల వరస చెప్పాను. పోయిన వారం కరపత్రం దీని పైన ఉంది. అది ప్రతి శనివారం వస్తుంది. కనుక ఈ కవరు మొదటి శనివారం లోపే వచ్చి ఉండాలి.

"అంటే నేను రోజూ దీని పక్కనుంచే అమ్మాయి వాళ్ళ టపా పట్టుకొచ్చాను."

"అవునంకుల్."

ఆంటీ వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. ఏదో ఒక మాట విసురుతుందని ఎదురుచూశాను. ఆయన కూడా ఎదురుచూశారనుకుంటాను, అటు చూశారు. ఆంటీ లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో టీ తెచ్చి, ఆయనకి ముందు ఇచ్చి, పక్కన కూర్చుంది.

రెండో బిడ్డరుకి రాద్దామని నేనే అన్నాను. అమ్మే ఆయన నా మెయిల్ని అతనికి పంపించాడు. ఆ ముద్ర కొట్టిన మనిషి ఇక్కడే ఉన్నాడనీ, అరవై డాలర్లకి కొనుక్కుంటామనీ రాశాను. రెండు రోజులకి మర్యాదగా జవాబు వచ్చింది. రైలు ముద్రలే తను సేకరిస్తాననీ, ఆ సెట్ నంబరు ఒక్కటే తన దగ్గర లేకుండా ఉండిపోయిందనీ, చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాననీ. కావాలంటే పెద్ద సైజులో ఫొటో పంపుతానన్నాడు. ఇంకో సంగతి కూడా రాశాడు: ముద్ర ఎడమకి వాలి ఉండటం తనకి ముందు లోపంగా అనిపించిందట, ఇప్పుడు ఆల్బమ్‌లో దాని కింద కొట్టినవారి గురించి ఒక వాక్యం రాసి పెడతాడట. పేరు ఇవ్వగలరా అని అడిగాడు.

చదివి వినిపించాను. "మంచివాడే," అన్నారు అంకుల్. పేరు ఇచ్చారు. ఫొటో మాత్రం వద్దన్నారు. "బొమ్మ మొదట్నుంచీ ఉంది కదండీ."

నేను ఆ వారమే ఆయన్ని కారులో ఎక్కించుకుని ఎటైనా తీసుకెళ్ళాలనుకున్నాను. వర్జీనియా దాకానే వెళ్ళి ఆ పెద్దాయన్ని కలిపిద్దామని కూడా అనుకున్నాను. అడిగాను. "ఇప్పుడెందుకండీ, పెట్రోలు దండగ," అన్నారు. ఎత్తిపొడుపు కాదు. ఆయనకి ఎత్తిపొడవడం రాదు, ఆ పని ఆంటీది. నేను చెప్పిన లెక్కే ఆయనకి గుర్తుండిపోయింది.

ఆ తర్వాత ఆయన సాయంత్రాలు పైకి రావడం తగ్గింది. వచ్చినా కుర్చీలో కూర్చునేవారు గాని సైటు తెరవమనేవారు కాదు. అక్క వాళ్ళ టపా తేవడం మానలేదు. కానీ దాన్ని సర్దకుండా, వచ్చింది వచ్చినట్టే టేబుల్ మీద పెట్టేసేవారని అక్క చెప్పింది. నాకు తెలియకుండానే నేను రోజూ నా పెట్టె చూసుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి అక్కడ ఎదురుపడి, "ఏమైనా ఉన్నాయా?" అన్నారు. "కూపన్లు అంకుల్," అన్నాను.

వాళ్ళు వెళ్ళే ముందు రోజు ఆ కవరు తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాను. విప్పి ఆయన డబ్బు ఆయనకి ఇచ్చేద్దామని కత్తెర కూడా తీసుకెళ్ళాను. ఆయన ఆపారు.

"విప్పకండి."

"మీ పైసలే కదంకుల్."

"టు ఆయన పేరు. మూసిన కవరు టు లో ఉన్నవాడు తప్ప ఎవడూ విప్పకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేనొక్కటి విప్పలేదు. విప్పాలని అనిపించినవి చాలా వచ్చాయి." తర్వాత కొంచెం నవ్వారు. "నేను రాసింది తప్పయిందని రూలు మారదు కదండీ."

"మరి ఆయనకే మళ్ళా పంపాల్నా?"

"ఏం కొన్నామని పంపుతాం? ఉంచండి మీ దగ్గరే."

ఆంటీ సూట్‌కేసు మూత మీద కూర్చుని జిప్పు లాగుతోంది. "ఉంచు బాబూ," అంది. "అంత బాగా రాశారు కదా."

కవరు నా సొరుగులో స్లైడ్ రూళ్ళ పక్కన ఉంది. ఆ వేలం సైటులో ఇంకా కొంటున్నాను. అడ్రసు ఇప్పుడు చేత్తో రాస్తున్నాను, నాది పైన ఎడమ మూల. తుని కవరు లాంటిది మళ్ళీ వస్తుందేమోనని ఇండియా కవర్లు వెతుకుతుంటాను. మెయిలు బోగీల ముద్రలు చాలా వస్తాయి. బయటి గీత అక్కడ తెగినది, ఎడమకి వాలినది ఇంతవరకు రాలేదు. వస్తే ఎంత దూరమైనా కారులో వెళ్ళాలని అనుకున్నాను.

అంకుల్ రాసిన కవరు విప్పలేదు. లోపల నలభై మూడు డాలర్లు ఉన్నాయి.